యార్క్ నగరంలో పానశాలల ప్రదక్షిణం

ఇంగ్లండులో యార్క్ అని ఒక పాత నగరం వున్నది. అక్కడ వీధిని 'గేట్' అంటారు; కోట గుమ్మాన్ని 'బార్' అంటారు; బారును 'పబ్' అంటారు. ఈ మూడు ముక్కలూ ముందుగా తెలుసుకోని కొత్తవాడు దారి తప్పడం ఖాయం. నాకు ఈ పాఠం చెప్పినవాడు మా మేనల్లుడు. వాడు ఆ పక్కనే లీడ్స్ నగరంలో కంప్యూటర్ల కంపెనీలో వుద్యోగం చేస్తున్నాడు.

వేసవి సెలవుల్లో వాడి దగ్గరకు బయలుదేరుతున్నప్పుడు మా అక్కయ్య ఆవకాయ సీసాలతో పాటు ఒక పని కూడా నాకు అప్పగించింది. "ఒరేయ్ తమ్ముడూ, శనివారం రాత్రి ఎప్పుడు ఫోను చేసినా వాడు పలకడు. తాగుతున్నాడేమో చూసి రా. నా దగ్గర మాత్రం అబద్ధం చెప్పకు" అన్నది.

ఆమె భయానికి కారణం వున్నది. మా అమ్మ పుట్టిల్లు నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. మా తాతయ్య మంచివాడు. పొద్దు కుంకేదాకా మంచివాడు. మూడెకరాల మాగాణి సారాకొట్టు పాలు చేశాడు. 1992లో ఆ జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగినప్పుడు మా అమ్మమ్మ కూడా తన వూరి కొట్టు ముందు బైఠాయించింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు, అక్కయ్యకు పదహారు. నేను కథగా విన్నది ఆమె కళ్ళారా చూసింది. అందుకని మా యింట్లో సీసా అన్న మాట మందుల షాపు విషయంలో తప్ప వినిపించదు.

ఇంతకూ నేను వెళ్ళిన వారానికే మేనల్లుడు, "మామయ్యా! శనాదివారాలు యార్క్ పోదాం. నా స్నేహితులిద్దరు వస్తున్నారు. పబ్ క్రాల్ చేద్దాం" అన్నాడు. క్రాల్ అంటే పాకడం. సాయంత్రం పూట వొక పబ్బులో మొదలుపెట్టి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క గ్లాసు తాగుతూ వూరంతా తిరగడానికి ఆ దేశంలో ఆ పేరు. మొదటి గుమ్మంలోకి నడిచి వెళ్ళినవాడు చివరి గుమ్మంలోంచి ఎలా వస్తాడో పేరులోనే చెప్పారు. గూఢచారిగా వచ్చినవాణ్ణి ముద్దాయి తానే పిలుచుకు పోతానంటే కాదనడం ఎట్లా? సరేనన్నాను.

వంతుల లెక్క

లీడ్స్ నుంచి యార్క్‌కు రైలులో అరగంట కూడా పట్టదు. మొదటి పబ్బు స్టేషనులోనే వున్నది. 1907లో ప్రయాణీకుల కోసం కట్టిన టీ గది అది. 2011 నుంచి పబ్బుగా నడుస్తున్నది. రంగుటద్దాల గుమ్మటం కింద గుండ్రని బల్ల, దాని మీద వరసగా చేతిపంపులు. మన వీధి బోరింగు కొట్టినట్టు ఆ పిడి లాగితే నేలమాళిగలోని పీపాలోంచి 'ఏల్' అనే వాళ్ళ నాటు బీరు పైకి వస్తుంది. ఐసు వేసినట్టు వుండదు. పీపాలోనే పులుస్తూ వుంటుంది. పెద్ద కంపెనీల గ్యాసు బీరు వచ్చి దీన్ని మింగేస్తున్నదని 1971లో తాగేవాళ్ళు సంఘం పెట్టుకుని దీన్ని నిలబెట్టుకున్నారట. తాగవద్దని సంఘం పెట్టిన జిల్లా నుంచి వచ్చిన నాకు ఆ మాట వింతగా తోచింది.

కొలత పైంటు. అంటే 568 మిల్లీలీటర్లు. నేను లైమ్ సోడా అడిగాను. బల్ల వెనుక అమ్మాయి నా వంక వింతగా చూడలేదు. గ్లాసు నిండా ఇచ్చింది.

డబ్బు ఒక స్నేహితుడు ఇచ్చాడు. తరువాతి చోట ఇంకొకడు ఇస్తాడు. దీన్ని 'రౌండ్' అంటారు. ఎవరిది వారు కొనుక్కోవడం మర్యాద కాదు. వినడానికి ముచ్చటగానే వున్నది గాని, లెక్కలోకి దిగితే అందులో మెలిక వున్నది. నలుగురు కూర్చుంటే నాలుగు వంతులు తిరగాలి. ఒకటి తాగి లేచిపోయినవాడు ముగ్గురికి బాకీ. మన బంతి భోజనంలో విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించేవాడు వినిపించుకోడు చూడండి, అదే తంతు. నాలుక అడిగినందుకు కాదు, మొహమాటానికే కడుపులోకి పోయేది ఎక్కువ.

వీధి పేరు, ఇంటి బొమ్మ

స్టేషను నుంచి కోట గోడ వెంట నడిస్తే మికిల్‌గేట్ బార్ వస్తుంది. ఇది తాగే బారు కాదు, రాజుల కాలపు సింహద్వారం. 1460లో యుద్ధంలో చచ్చిన యార్క్ ప్రభువు తలను ఈ గుమ్మం మీదనే గుచ్చారు. 'గేట్' అన్న మాట వైకింగులది. క్రీ. శ. 71లో రోమనులు పెట్టిన ఈ వూరిని 866లో వైకింగులు పట్టుకున్నారు. వాళ్ళ భాషలో 'గాతా' అంటే వీధి. రాజ్యం పోయి వెయ్యేళ్ళు దాటినా మాట పోలేదు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు కోటకంటె ఆ మాటే పాతదిగా, గట్టిదిగా కనిపించింది.

వూరి నడుమ ఊజ్ నది. వంతెన దాటగానే నీటి ఒడ్డున కింగ్స్ ఆర్మ్స్ అనే పబ్బు. నది పొంగినప్పుడల్లా ఇది మునుగుతుంది. ఏ యేడు నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో లోపల గీతలు గీసి పెట్టుకున్నారు. 2000 నవంబరులో నది మామూలు మట్టంకంటె సుమారు 5.4 మీటర్లు లేచింది. నీళ్ళు వస్తాయి, పోతాయి. వీళ్ళు కడుక్కుని మళ్ళీ తలుపులు తీస్తారు. మా గోదావరి లంకల స్నేహితులు గుర్తుకు వచ్చారు.

అక్కడి నుంచి గోల్డెన్ ఫ్లీస్. అంటే బంగారు గొర్రె బొచ్చు. వూరికి సిరి తెచ్చినది ఉన్ని వ్యాపారం. 1357లో వర్తకులు కట్టుకోవడం మొదలుపెట్టిన సభాభవనం దాని వెనుకనే నేటికీ నిలిచి వున్నది. పబ్బులన్నిటికీ ఇట్లా బొమ్మల బోర్డులు ఎందుకంటే, చదువు రానివాడికి బొమ్మే అక్షరం. అప్పటికి నా మేనల్లుడు మూడో పైంటు ఎత్తాడు. నేను బల్ల కింద వేళ్ళు లెక్క పెడుతున్నాను.

ఆ పక్క వీధిలో బ్లూ బెల్. 1903లో దిద్దిన చెక్కపని ఇవాళ్టికీ చెక్కు చెదరలేదు. లోపల మన పాత ఇళ్ళలోని వసారా అంత స్థలం. ముందొక గది, వెనుకొక గది, నడుమ సన్నని నడవా. ఇక్కడ ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం సాధ్యం కాదు, మోకాళ్ళు తగులుతాయి. నా పక్కన రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన కూర్చున్నాడు. ఎదుట అర పైంటు. గంట గడిచినా అందులో సగం అట్లాగే వున్నది. భార్య పోయిన తరువాత రోజూ సాయంత్రం వస్తాడట. "ఇంట్లో టీ వుంది, బీరు కూడా వుంది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు" అన్నాడు.

పబ్ అంటే పబ్లిక్ హౌస్, అందరి ఇల్లు అని అర్థం. మా వూళ్ళో రచ్చబండ చేసే పనే ఇక్కడ ఈ ఇల్లు చేస్తున్నదన్నమాట. అయితే ఈ ఇళ్ళూ తరిగిపోతున్నాయి. 2000లో బ్రిటనులో పబ్బులు అరవై వేల పైచిలుకు వుండేవి. ఇప్పుడు సుమారు నలభై అయిదు వేలు. అద్దెలు, పన్నులు పెరిగాయి. దుకాణంలో చవకగా కొని ఇంట్లో ఒంటరిగా తాగేవారు ఎక్కువయ్యారు.

స్టోన్‌గేట్ వీధిలో ఓల్డ్ స్టార్ ఇన్ బోర్డు వీధికి అడ్డంగా, తోరణం కట్టినట్టు వుంటుంది. 1644 నాటిదని వాళ్ళు చెప్పుకుంటారు. అది అంతర్యుద్ధంలో వూరికి ముట్టడి పడిన సంవత్సరం. చివరిది పెద్ద చర్చి నీడన గై ఫాక్స్ ఇన్. 1605లో పార్లమెంటును మందుగుండుతో పేల్చబోయి పట్టుబడిన గై ఫాక్స్ ఇక్కడే పుట్టాడని వాళ్ళ మాట. ఎదుటి చిన్న చర్చిలో 1570లో అతనికి నామకరణం జరిగిన మాట మాత్రం రికార్డులో వున్నది.

రాత్రి పదకొండు

గంట కొట్టారు. ఇక ఆఖరి గ్లాసు అడగవచ్చునని దాని అర్థం. నా వేళ్ళు ఆరు దాకా వచ్చాయి. ఆరు పైంట్లంటే సుమారు మూడు లీటర్ల నాలుగు వందలు. మేనల్లుడి గొంతు పెద్దదయింది. చెప్పిన జోకే మళ్ళీ చెప్పాడు. బయటికి వచ్చేటప్పుడు గడప తన్నుకుని నా భుజం పట్టుకున్నాడు. వీధిలో పెళ్ళికొడుకు మిత్రబృందాలు కేకలు వేస్తూ పోతున్నాయి. ఒక పిల్ల చెప్పులు చేత పట్టుకుని కాలిబాట అంచున కూర్చుని ఏడుస్తున్నది. ఆ క్షణంలో నా భుజం మీద వున్న చెయ్యి మేనల్లుడిది అనిపించలేదు. ఎన్నడో మా అమ్మమ్మ భుజం మీద పడిన చెయ్యి అనిపించింది.

హోటలు గదిలో షూ విప్పుతూ వాడే అడిగాడు. "అమ్మ పంపించింది కదూ నిన్ను?"

అవునన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. "మొదటి చలికాలం నాకు ఎవరూ తెలియదు మామయ్యా. నాలుగింటికే చీకటి. శుక్రవారం ఆఫీసులో తలుపు వేసుకుంటే సోమవారం దాకా నోరు విప్పే పని లేదు. వీళ్ళు పబ్బుకు రమ్మన్నారు. వెళ్ళాను. వద్దని ఎట్లా అనాలో నేర్చుకోలేదు" అని పడుకున్నాడు.

చాక్లెట్ల వూరు

ఆదివారం ఉదయం కోట గోడల మీద నడిచాం. రెండు మైళ్ళ పైచిలుకు గోడ. వాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. నేను వచ్చే ముందు చదివి పెట్టుకున్న సంగతి ఒకటి చెప్పాను.

మన పిల్లలు తినే కిట్‌క్యాట్ పుట్టినది ఈ వూళ్ళోనే, 1935లో. రౌంట్రీ అనే కుటుంబం కంపెనీ అది. వాళ్ళు క్వేకర్ మతస్థులు. మద్యానికి బదులు జనం కోకో తాగాలని కోరిన శాఖ అది. ఆ ఇంటి కుమారుడు సీబోమ్ రౌంట్రీ 1899లో యార్క్ కార్మికుల ఇళ్ళకు మనుషులను పంపి, ఒక్కొక్క సంసారం లెక్కా రాయించాడు. ఆ పుస్తకం 1901లో వచ్చింది. వూరి జనంలో నూటికి దాదాపు 28 మంది దరిద్రంలో వున్నారని తేలింది. కార్మిక కుటుంబాల రాబడిలో సగటున ఆరో వంతుకు మించి తాగుడుకు పోతున్నదని కూడా ఆయన లెక్క కట్టాడు. కాని ఆ పెద్దమనిషి అక్కడితో తిట్టి వూరుకోలేదు. చీకటి ఇరుకు గదిలో కాపురం వున్నవాడికి దీపాలు, వెచ్చదనం, పాట, నలుగురు మనుషులు దొరికే చోటు పబ్బు ఒక్కటే అయితే వాడు అక్కడికే పోతాడన్న సంగతి కూడా గమనించాడు.

"అయితే ఆయన నా పక్షమా, అమ్మ పక్షమా?" అన్నాడు మేనల్లుడు.

"ఇద్దరి పక్షమూను. ఇంటికి వెళ్ళు, గ్లాసు జోలికి పోకు అంటాడు" అన్నాను.

మధ్యాహ్నం భోజనానికి స్నేహితులు నది ఒడ్డు పబ్బుకే రమ్మన్నారు. శనివారం రాత్రి చూసిన వూరేనా అనిపించింది. పసిపిల్లలు, తాతలు, బల్ల కింద నిద్రపోతున్న కుక్కలు, పళ్ళేల్లో వేయించిన బంగాళాదుంపలు. వంతు మా వాడిది. బల్ల దగ్గరకు వెళ్ళి రెండు పైంట్లు, రెండు లైమ్ సోడాలు తెచ్చాడు. నేను స్నేహితుల మొహాల వైపు చూశాను. వాళ్ళు క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నారు. సోడా సంగతి ఎవరికీ పట్టలేదు. ఏడాదిన్నరగా వాడు మోసిన మొహమాటం అక్కడ వాడికి తప్ప ఎవరికీ లేదని తేలింది.

ఒక్క ఆదివారంతో మనిషి మారిపోయాడని రాస్తే నా పాఠకులు నవ్వుతారు. మా అక్కయ్య అసలే నమ్మదు. రాత్రి ఫోను చేసి వున్నది వున్నట్టు చెప్పాను. "తాగుతున్నాడు అక్కయ్యా. శనివారం ఆరు గ్లాసులు, ఆదివారం సోడా" అన్నాను.

అవతల చప్పుడు లేదు. కాసేపటికి, "ఆ వూళ్ళో వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎందరున్నారురా?" అని అడిగింది.

"ఇద్దరు" అన్నాను.

"సరే. ఇకమీద శనివారం సాయంత్రం ఆరింటికి నేను చేస్తాను. వాడు బయలుదేరే ముందు" అని ఫోను పెట్టేసింది. అక్కడి ఆరంటే ఇక్కడ రాత్రి పదిన్నర. తొమ్మిదింటికే నిద్రపోయే మనిషి మా అక్కయ్య. ఆ తరువాత రెండు శనివారాలు నేను అక్కడే వున్నాను. రెండుసార్లూ సరిగ్గా ఆరింటికి ఫోను మోగింది.