ఏలూరు సీమలో నాదవైవిధ్యము

సంగీతమునకు పేరొందిన ఊరేదియని తెలుగువారి నడిగినచో విజయనగరమని చెప్పుదురు; మరికొంత దూరము పోయి తంజావూరని చెప్పుదురు. ఏలూరు పేరు చెప్పువారు అరుదు. ఏలూరనగనే జనులకు తివాచీలు జ్ఞప్తికి వచ్చును, కాలువ జ్ఞప్తికి వచ్చును, వరిచేలు జ్ఞప్తికి వచ్చును. మాకు మాత్రము ఆ పేరు వినగనే చెవిలో ఏదో యొకటి మ్రోగును. ఒకనాడు మృదంగము, ఒకనాడు డప్పు, మరియొకనాడు పద్యనాటకపు హార్మోనియము. ఇది అభిమానమనియు, కొంత పక్షపాతమనియు పాఠకులు తలచినను మేము కాదనము. అయితే ఆ అభిమానమునకు ఆధారమేమో చెప్పుట మా విధి.

ఏలూరు మొదలుకొని తూర్పున తాడేపల్లిగూడెము వరకును, దక్షిణమున కొల్లేటి వరకును గల ఈ సీమలో వినవచ్చు సంగీతములు పెక్కు. కాని అవి ఒకదానినొకటి ఎరుగని పరాయివి కావు. ఒకే తోలు, ఒకే రాగము, ఒకే వాద్యము చేతులు మారి, సందర్భము మారి, వేరువేరు పేర్లు దాల్చినవి. ఆ సందర్భములే వానికి ప్రాణము. మేము చెప్పదలచినది ఇంతియే. తక్కినదంతయు దీనికి ఉదాహరణము.

ఇంత వైవిధ్యము ఇచ్చట ఏల కలిగినది? భూమిని చూచినచో సమాధానము దొరకును. ఈ సీమ కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ నున్నది. ఆ రెండింటి మధ్యనున్న పల్లమే కొల్లేరు. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. ఆ రెండు నదుల నీటిని కాలువలు ఏలూరునకు తెచ్చి కలిపినవి. నీటితో వరి వచ్చినది. వరితో సొమ్ము వచ్చినది. కోతలు ముగిసిన పిమ్మట తీరిక వచ్చినది. సొమ్మును, తీరికయు కలిసినచోట పాట పుట్టక మానదు. మొదట కాలువలపై పడవలును, తరువాత మదరాసు–హౌరా రైలుమార్గమును నాటక సమాజములను, భాగవతులను, మేళగాండ్రను ఊరూరికి చేర్చినవి. తివాచీ నేతగాండ్రైన ముస్లిముల కుటుంబములు అంతకుముందే ఏలూరున స్థిరపడియుండెను. 1854లో ఇంగ్లండు నుండి క్రైస్తవ మిషనరీలు వచ్చి ఇచ్చట కేంద్రమును నెలకొల్పిరి. ఎవరి పాటను వారు వెంట తెచ్చుకొనిరి.

మొదట సభా సంగీతమును చూతము. ఏలూరు చెంతనున్న సోమవరప్పాడు గ్రామమున 1926లో అన్నవరపు రామస్వామిగారు జన్మించిరి. ఆయన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. శాస్త్రిగారి గురువు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. ఆయన గురువు సాక్షాత్తు త్యాగరాజస్వామి. అనగా సోమవరప్పాటి బాలునకును, తిరువయ్యూరి స్వామికిని నడుమ నున్నవారు ముగ్గురే. రామస్వామిగారి వాద్యమా, వయొలిను. అది ఐరోపా వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు అలవరచెనని సంగీత చరిత్ర చెప్పుచున్నది. నిలువబడి భుజముపై నుంచుకొని వాయించు దానిని మనవారు కూర్చుండి, కొనను పాదముపై ఆనించి వాయింప నేర్చిరి. అంతటితో అది మనదైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన కాలము నుండి దశాబ్దములపాటు ఆ కమాను నాదము మన ఇండ్లకు వచ్చినది.

ఏలూరుననే 1950లో నిడుమోలు సుమతిగారు జన్మించిరి. తండ్రి రాఘవయ్యగారు మృదంగ విద్వాంసులు. కుమార్తెయు మృదంగమునే చేపట్టెను. ఆడుపిల్ల గాత్రమో వీణయో నేర్చుట అలవాటుగానున్న కాలమున ఇది చిన్న విషయము కాదు. తరువాత దండమూడి రామమోహనరావుగారి వద్దను శిక్షణ పొంది, ఆయనను వివాహమాడి, దంపతులిద్దరును మృదంగ విద్వాంసులుగా ప్రసిద్ధులైరి. 2021వ సంవత్సరపు పద్మశ్రీ పురస్కారముల పట్టికలో రామస్వామిగారి పేరును, సుమతిగారి పేరును కలవు. ఒక్క ఏటి పట్టికలో ఏలూరు గాలి పీల్చి పెరిగినవారు ఇరువురు! ఇది చదివిననాడు మాకు కలిగిన సంతోషమును దాచుకొనలేకపోతిమి.

ఇక ఆ మృదంగమును ఒకసారి పరికింపుడు. కుడిమూతపై నల్లని కరణి స్థిరముగా నుండును. ఎడమమూతకు మాత్రము కచేరీకి ముందు రవ్వముద్ద పెట్టుదురు. ఆ ముద్దవలన తోలు బరువెక్కి గంభీరమైన మంద్రనాదము పుట్టును. ఈ తోలుకు గాలిలోని తేమ శత్రువు. తేమను పీల్చి తోలు సడలును. సడలగనే శ్రుతి దిగును. కొల్లేటి మీదనుండి గాలి వీచుదినమున విద్వాంసుడు వేదికపై రాతితోను, పుల్లతోను అంచులను మాటిమాటికి తట్టుచుండుటను శ్రోతలు చూచియుందురు. అది ప్రదర్శనము కాదు, తేమతో జరుగు పోరాటము.

ఇదే పోరాటమును డప్పు వాయించువాడును చేయుచున్నాడు. ఆతని ఉపాయము వేరు. నాలుగు గడ్డిపరకలు పోగుచేసి మంటబెట్టి, డప్పును ఆ సెగకు త్రిప్పుచు కాచును. తేమ పోయి తోలు బిగియును. అప్పుడు కుడిచేత పొట్టిదైన చిర్రను, ఎడమచేత సన్నని సిటికెన పుల్లను పట్టి దరువు వేయును. చిర్ర దెబ్బ దరువునకు వెన్నెముక. సిటికెన పుల్ల దాని సందులను నింపును. మృదంగమున కుడిఎడమలు పంచుకొను పనినే ఇచ్చట రెండు పుల్లలు పంచుకొనుచున్నవి. కొల్లేటి నడుమ కొల్లేటికోటలో ఫాల్గుణమాసమున పెద్దింట్లమ్మ జాతర జరుగును. ఏలూరు వీధులలో ఏండ్ల విరామముతో గంగానమ్మ జాతర జరుగును. ఇట్టి జాతరలలో గరగలను శిరసున దాల్చి నర్తించువారి అడుగును నడుపునది డప్పే. సభలోని తోలును, జాతరలోని తోలును అక్కచెల్లెండ్రని మేమనినచో అతిశయోక్తి కాదు.

తాడేపల్లిగూడెమునకు పోవుదము. అది వర్తకపు పట్టణము. ఉల్లి బస్తాల బండ్లతో వీధులు నిండియుండు ఊరు. అచ్చట స్థిరపడిన మిరియాల అప్పారావుగారు బుర్రకథకు జీవితమును ధారపోసిరి. 2025 జనవరిలో ఆయన కన్నుమూసిన కొలది దినములకే మరణానంతర పద్మశ్రీ ప్రకటింపబడినది. బుర్రకథలో ముగ్గురుందురు. నడుమ కథకుడు భుజమున తంబురా, వ్రేళ్లకు అందెలు ధరించి కథ చెప్పును. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు డక్కీలు వాయింతురు. ఒకడు హాస్యము చెప్పును; మరియొకడు లోకపు సంగతులను, రాజకీయమును ఎత్తుకొనును. కథకుడు వీరరసమున మునిగిపోవునపుడు హాస్యపు వంత ఒక చిలిపి ప్రశ్న వేయును, జనులు నవ్వుదురు, ఆ నవ్వులోనే కథకునకు ఊపిరి తీసికొను వ్యవధి చిక్కును. మూడు గంటల కథను ఒక్క గొంతుక మోయలేదు గనుక మూడు గొంతుకలు మోయును. ఇదియే దాని నిర్మాణ రహస్యము. హరికథలో ఈ మూడు పాత్రలను ఒక్క భాగవతారే నిర్వహించును. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) తీర్చిన ఆ మార్గమునందు పాట, మాట, ఆట, తాళము, పిట్టకథ అన్నియు ఒక్కనివే. వినువారు మాత్రము ఇద్దరికిని ఒక్కరే. నిన్న హరికథకు కూర్చున్న ముసలమ్మయే నేడు బుర్రకథకు చాప తెచ్చుకొనును.

పద్యనాటకము మాట చెప్పునపుడు మా వృత్తివారి తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. భీమవరము చెంతనున్న యండగండిలో 1872లో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారితో కూడి వ్రాసిన పాండవోద్యోగ విజయములు ఈ సీమలో నాగలిపట్టిన రైతునకును కంఠస్థము. ఆ పద్యములకు తోడు హార్మోనియము. దానిని భారతదేశపు రేడియో 1940లో వెలివేసెను. మూడు దశాబ్దములు గడచి 1971లోగాని ఆ నిషేధము సడలలేదు. కారణము లేకపోలేదు. హార్మోనియమున ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఇత్తడి రేకుండును. దాని స్వరము కదలదు. మన రాగములకు ప్రాణమైన గమకము స్వరమునకును స్వరమునకును నడుమ ఊగును. ఆ ఊగిసలాటను హార్మోనియము పలుకలేదని పండితుల ఆక్షేపణ. ఆక్షేపణ సత్యమే. కాని వేయిమంది కూర్చున్న ఆరుబయట, మైకు లేని రోజులలో నటుని గొంతుకు శ్రుతినిచ్చి నిలిపినది ఆ రేకే. తంతి సడలినను, తోలు సడలినను, కొల్లేటి తేమకు ఇత్తడి లొంగలేదు. గమకమును నటుని గొంతుక చూచుకొనెను. ఆధారమును పెట్టె చూచుకొనెను. రేడియో కాదన్న కాలమంతయు దానిని కాపాడినది పల్లెటూరి “వన్స్ మోర్” కేకయే. ఆ కాలముననే రేడియో చేసిన మేలును మరువరాదు. 1920లో నిడదవోలున పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటివారు లలితసంగీతమును, ఉదయపు భక్తిగీతములను రేడియో మూలమున ఇంటింటి సొత్తు గావించిరి.

ఏలూరి ఆదివారము ఉదయమున చర్చిలయందును మన రాగములే వినవచ్చును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు రచించిన క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినచో, పాటపాటకు తలపై రాగము పేరు, తాళము పేరు అచ్చువేసియుండును. పెండ్లిలో సన్నాయి మేళమును వినుడు. మాంగల్యధారణ వేళ గట్టిమేళమనగనే డోలు ఒక్కసారిగా ఉరుమును. ఆ క్షణమున తుమ్మో, అపశబ్దమో ఎవరి చెవినబడకుండుటకే ఆ ఉరుము. ఆ సన్నాయినే దేశమంతయు మెచ్చునట్లు వాయించిన షేక్ చినమౌలానా సాహెబుగారు (1924–1999) ఒంగోలు చెంతనున్న కరవది గ్రామమువారు. త్యాగరాజ కీర్తనను ముస్లిము విద్వాంసుడు గుడిలో వినిపించుట మన తీరమున ఎవరికిని వింతగా తోచలేదు.

ఈ కలయికకు పరాకాష్ఠ పాలకొల్లున కనబడును. అచ్చట 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తండ్రి మాండొలినును చేతబట్టెను. అది ఇటలీ వాద్యము. మనవారు సినిమా పాటలకు వాడుకొనుచుండిరి. బాలునకు గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిను రాదు. ఆయన పాడుచుండెను, బాలుడు ఆ గాత్రమును తంతులపై వెదకికొనుచుండెను. పాట నుండి నేర్చుటచేతనే కాబోలు, ఆ వాద్యము పాడినట్లు పలికెను. 1978లో కొల్లేటికి ఆవలనున్న గుడివాడలో త్యాగరాజ ఉత్సవమున తొమ్మిదేండ్ల ఆ బాలుడు తొలి కచేరీ చేసెను. తరువాత లోకమే ఆతని వేదిక. 2014లో అకాలమున మరణించునాటికి మాండొలిను కర్ణాటక వాద్యమైపోయినది.

ఇంత చెప్పిన పిమ్మట మమ్ములను బాధించు సంగతి నొకదానిని చెప్పక తప్పదు. ఒక జాతరకు శబ్దగ్రహణమునకై పోయితిమి. గుడి ముందు పెద్ద పెద్ద పెట్టెలలో రికార్డు మ్రోగుచున్నది. అందులో మ్రోగుచున్నదియు డప్పే. ప్రక్కన వృద్ధుడొకడు మంట చెంత తన డప్పును కాచుకొని, తన వంతుకై వేచియున్నాడు. ఆతని వాద్యమును మేము గ్రహించిన తరువాత ఆతడు మెల్లగా అడిగెను: “ఇది మీరు పట్టుకుపోయాక మళ్లీ నన్నెవరు పిలుస్తారండీ?” మేము సమాధానము చెప్పలేకపోతిమి.

ఆతని ప్రశ్నలో న్యాయము కలదు. శబ్దమును భద్రపరచుట మాకు తెలియును. సందర్భమును భద్రపరచుట మా చేతిలో లేదు. గట్టిమేళము పెండ్లిలో ఉండవలెను. డప్పు జాతరలో కాగవలెను. బుర్రకథకు ఎదుట నవ్వు జనులుండవలెను. ఆ పిలుపులు తగ్గినకొలది మా వద్ద నాదము మిగులును గాని వాయించువాడు మిగులడు.

కావున రేడియో గల ప్రతి ఇంటివారికిని మా మనవి యిది. మేము వినిపించునది నమూనా మాత్రమే యని భావింపుడు. ఉదయము వయొలిను విని ముచ్చటపడినచో, మీ ఊరి గుడిలో కచేరీ జరుగుదినమున పిల్లలను వెంటబెట్టుకొని ముందువరుసలో కూర్చుండుడు. ఇంట పెండ్లి జరుగునపుడు రికార్డు పెట్టెకు వెచ్చించు సొమ్ములో కొంత సన్నాయి మేళమునకు కేటాయింపుడు. జాతరలో ఆ పెట్టెను ఒక్క గంటసేపు ఆపించి, డప్పు కాచుకొని కూర్చున్నవానిని పేరు పెట్టి పిలువుడు. ఆ వృద్ధునకు మేము చెప్పలేకపోయిన సమాధానమును మీరు చెప్పగలరు.