చూరు కింద కందిరీగల గూడు – తొందరపడితే ముప్పు

కందిరీగల గూడు లేని యిల్లు పల్లెల్లో అరుదు. చూరు కింద వాసానికో, స్నానాల గది తలుపు వెనుకో, పశువుల పాకలోనో అది వేలాడుతూనే వుంటుంది. నెలల తరబడి దాని కిందుగానే రాకపోకలు సాగించినా అవి ఎవరి జోలికీ రావు. ఒకనాడు పిల్లవాడు రాయి విసురుతాడు, లేదా పెద్దవాడే కాగడా వెలిగిస్తాడు. గొడవ అక్కడ మొదలవుతుంది.

అన్ని కందిరీగలూ ఒకటి కావు. గోడమూలల్లో మట్టిగూడు కట్టే సన్ననడుము ఈగ ఒంటరిది. పురుగునో సాలీడునో కుట్టి, చచ్చుబడిపోయాక మోసుకుపోయి గూట్లో పెట్టి గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు దాన్ని తిని పెరిగి, ఈగై బయటకు వస్తుంది. పురుగే భ్రమరంగా మారిందని మన పెద్దలు చెప్పుకున్న భ్రమరకీట న్యాయం వెనుక వున్నది యిదే. దీనివల్ల భయం లేదు. పుల్లతో గీకేస్తే సరి.

కాగితం వంటి గూడు కట్టేవి గుంపుగా బతుకుతాయి. ఎండుకట్టె పీచును నమిలి, ఉమ్మితో కలిపి గదులు కడతాయి. చలికాలం రాగానే అవే పోతాయని కొందరి నమ్మకం. చలిదేశాల్లో అది నిజం కావచ్చుగాని మన వద్ద కాదు. దక్షిణాదిలో విరివిగా కనిపించే ఒక జాతిని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్ ఏళ్ల తరబడి పరిశీలించి, 2001లో పెద్ద గ్రంథమే వెలువరించారు. ఆ జాతి గూళ్లు ఏడాది పొడుగునా నడుస్తాయి. రాణి పోతే మరొక ఆడఈగ ఆ స్థానంలోకి వస్తుంది.

ఇవి తమ పిల్లలకు పెట్టే మేత చాలావరకు పైర్లను తినే గొంగళిపురుగులే. కనుక దొడ్డి చివర చెట్టుపైన, మనిషి మసలని చోట వున్న గూటిని తీయవలసిన పని లేదు. గుమ్మం దగ్గర, బడి కిటికీలో, పశువులు కట్టే చోట వుంటే మాత్రం తీయక తప్పదు.

కాగడా వద్దు

గూటి కింద ఎండుటాకులు తగలబెట్టడం, కిరసనాయిలు గుడ్డ కర్రకు చుట్టి అంటించడం అన్ని ఊళ్లలోనూ వున్న అలవాటే. తాటాకు కప్పు, గడ్డివాము వున్నచోట ఇది ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే అవుతుంది. పెట్రోలు మరీ ప్రమాదం. పొలానికి కొట్టే పురుగుమందును ఇంట్లో కొట్టడమూ తగదు. అది వంటపాత్రల మీద, పశువుల తొట్టిలో పడుతుంది.

చిన్న గూడు, చేతికందే ఎత్తు అయితే పొద్దుగూకి బాగా చీకటిపడ్డాక పని చేయాలి. అప్పటికి ఈగలన్నీ గూటికి చేరతాయి, చీకట్లో సరిగా ఎగరలేవు. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. ఎరుపు వాటికి దాదాపు కనబడదు. పిల్లలను లోపల వుంచి, పశువులను ముందే దూరంగా కట్టండి. పలుపుతో వున్న పశువు పారిపోలేదు గదా! నిండు చేతుల చొక్కా, ముఖానికి తువ్వాలు, పైన గొంగళి వుండాలి. నిచ్చెన ఎక్కరాదు, ఈగ కుట్టినదానికన్నా నిచ్చెన మీది నుంచి పడితే ఎక్కువ నష్టం. బక్కెట్టు నీళ్లలో గుప్పెడు సబ్బుపొడి కలిపి, శుభ్రంగా కడిగిన స్ప్రేయరుతో దూరం నుంచి గూడు తడిసేదాకా కొడితే ఈగలు ఊపిరాడక రాలిపోతాయి. దగ్గరలో కరెంటు తీగ వుంటే ముందే మెయిన్ ఆపాలి. కదలిక ఆగాక వెదురుకర్రతో గూడు పడగొట్టి, కాడను కూడా గీకేయాలి.

గూడు మొదలయ్యేటప్పుడు ఒకటి రెండు ఈగలే వుంటాయి. వారానికొకసారి చూరంతా బూజుకర్ర తిప్పే ఇంట్లో ఈ తంటా అంతా వుండదు.

పొట్టకు పసుపుపచ్చ పట్టీ వున్న పెద్ద కందిరీగల సంగతి వేరు. గోడ కన్నాలలో, చెట్టు తొర్రలలో, నేలలో గూడు కడతాయి. వందల సంఖ్యలో వుంటాయి, ఒకటి కుడితే ఆ వాసనకు మిగతావి ముసురుతాయి. వీటిని సొంతంగా ముట్టుకోవద్దు, కన్నం మూయవద్దు. పంచాయతీకి చెప్పి, అనుభవం గలవారిని పిలిపించాలి. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికులు, కొబ్బరి దింపేవారు ముందుగా కింద నిలబడి మొవ్వు దగ్గర ఈగలు తిరుగుతున్నాయేమో చూసుకోవాలి. మోటారు వేసే రైతు స్టార్టరు డబ్బాలో చెయ్యి పెట్టేముందు ఎండిన కర్రతో తలుపు తట్టి రెండడుగులు వెనక్కి జరగడం మంచిది.

కుట్టినపుడు

చేతులు ఊపకుండా తల కప్పుకుని ఇంట్లోకి పరుగెత్తి తలుపు వేయాలి. తేనెటీగ ముల్లు ఒంట్లో వుండిపోతుంది, దాన్ని వెంటనే గోరుతో గీకేయాలి. కందిరీగ ముల్లు వదలదు, మళ్లీమళ్లీ కుడుతుంది. సబ్బునీళ్లతో కడిగి, తడిగుడ్డ వేసి, చేతికి కుడితే ఉంగరాలు, గాజులు తీసేయాలి. సున్నం, ఇనుపముక్కలతో కాలం గడపవద్దు.

ముఖం, పెదవులు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా అది ఒక్క కాటైనా సరే ప్రాణాపాయమే. వెంటనే 108కు ఫోను చేయాలి. ఆసుపత్రిలో ఇచ్చే అడ్రినలిన్ సూదిమందే అక్కడ కాపాడేది. గొంతులో కుట్టినా ఆగరాదు. పదుల సంఖ్యలో కాట్లు పడినవారు బాగానే వున్నామని ఇంట్లో పడుకోవద్దు. విషం మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఒకటి రెండు రోజులలో మూత్రం తగ్గినా, ఎర్రగా గాని టీ డికాషను రంగులో గాని వచ్చినా పెద్దాసుపత్రికి తీసుకుపోయి, సుమారు ఎన్ని కాట్లు పడ్డాయో డాక్టరుకు చెప్పాలి.