బూడిదదిబ్బలును రాక్షసగుళ్ళును

కృష్ణా తుంగభద్రల నడుమను, వాని కిరువైపులను గల సీమలలో రైతులు బూడిదదిబ్బ లనెడి పెద్ద కుప్పలను ఎఱుగుదురు. బళ్ళారి, అనంతపురము, పాలమూరు మొదలగు తావులలో ఇట్టివి నూటికి పైగా లెక్కకు వచ్చినవి. హంపి సమీపమున నింబాపురపు దిబ్బను జనులు వాలిని దహించిన భస్మ మందురు. ఇట్టి బూడిదను ఎరువుగా బండ్ల కెత్తి పొలములకు తోలుట చిరకాలముగా జరుగుచు వచ్చినది. ఇందుకు రైతును నిందింప మాకు మనసొప్పదు. ఎరువునకు కఱవైన నేలలో ఊరక పడియున్న బూడిదను ఎవరు విడిచెదరు? అయినను అది యెవరి బూడిదయో మన సభ్యులు తెలిసికొనుట యుక్తము.

దిబ్బలలో అక్కడక్కడ కొలిమి చిట్టెమువలె కరగి గట్టిపడిన పొరలు కానవచ్చును. అందుచే కొందఱు ఇవి లోహములు కరగించిన తావు లనుకొనిరి. రాబర్టు బ్రూస్ ఫుటు దొర 19వ శతాబ్దమున బళ్ళారి ప్రాంతము తిరిగి చూచి, ఇది పేడ కాలిన బూడిదయే యనెను. 1957లో ఆల్చిన్ పండితుడు పాలమూరు సీమలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వగా ఆ మాట నిలిచినది. పొరల నడుమ పశువుల గిట్టల జాడలు చెదరక యుండెను. చుట్టును గుంజలు పాతిన గుంటలు బయలుపడెను. అనగా 4 వేల యేండ్లకు పూర్వపు పశువులదొడ్డి యది! పేరుకొనిన పేడ పలుమాఱు కాలగా, దానిపైననే మరల దొడ్డి కట్టిరి. ఎందులకు కాల్చిరో పండితు లేకాభిప్రాయులు కారు. ఆల్చిన్ సంక్రాంతి, హోళీ మంటలతో పోల్చెను. దొడ్డి శుద్ధికై కాల్చి రనుమాట మాకు మిక్కిలి నచ్చినది. గొడ్లను సాకువారి కది వింతగా తోచదు.

ఆ జనులు పశువులతోనే తృప్తి నొందలేదు. బళ్ళారి యొద్ద సంగనకల్లున మట్టిని నీట కలిపి వడియగట్టగా మాడిన గింజలు తేలినవి: అండుకొఱ్ఱలు, ఉలవలు, పెసలు. మన మెట్టచేల పంటలే.

రాక్షసగుళ్ళు, పాండవగుళ్ళు అని పిలువబడు రాతికట్టడములు తరువాతి కాలమువి. ఇనుము వాడుకలోనికి వచ్చినపిదప మృతులకై కట్టినవి. వలయముగా పేర్చిన గుండ్ల నడుమ, నేలలో రాతిపలకల గది యుండును. అందు ఎముకలతో కూడ లోపల నలుపును వెలుపల ఎఱుపును గల కుండలు, ఇనుప కొడవళ్ళు, గొడ్డళ్ళు దొరకుచున్నవి. కృష్ణయొడ్డున ముడుమాల కడ రెండు నిలువుల యెత్తు రాళ్ళే నిలిపిరి. నిధి కలదని వీనిని పెల్లగించువారికి పెంకులే మిగులును.

పరిశోధకులు పంట కోసినపిదప చేలలో వరుసగా నడచి, పెంకులను, రాతిగొడ్డళ్ళను, నూరుడుగుంటలను చూచి పటమున గుర్తింతురు. దిబ్బల కొలతలు వ్రాసికొందురు. నాగార్జునకొండ లోయ నీట మునుగకమునుపు, 1954 మొదలు 1960 వరకు ఇట్లు వెదకి త్రవ్వినందుననే, బౌద్ధవిహారములకంటె ప్రాచీనములైన నివాసములును సమాధులును తెలియవచ్చినవి. ఏ పొర మీదిది, ఏది క్రిందిది యనుటయే వారికి కాలమును చెప్పును. బండి కెత్తిన బూడిదలో ఆ వరుస యుండదు.

కావున దిబ్బను కదపదలచిన సభ్యులు ముందుగా పురావస్తుశాఖకు తెలుపవలయును. నాగటిచాలున రాతిగొడ్డలి దొరకినయెడల ఏ చేను, ఏ మూల, ఎంత లోతు అని కాగితమున వ్రాసి దానితోనే కట్టి యుంచుడు. బంగారము వంటిది దొరకినచో 1878వ సంవత్సరపు నిధుల చట్టము ననుసరించి కలెక్టరునకు వ్రాతమూలమున తెలియజేయవలసియుండును.