క్షమాపణశబ్దము - లూథరు సిద్ధాంతము

ఆంధ్రదేశమందలి క్రైస్తవులు తమ మతవ్యవహారమున వాడు పదములలో పెక్కులు సంస్కృతమునుండి వచ్చినవే. శ్రమ, క్షమాపణ, సంస్కారము, విశ్వాసము, కృప, నీతి మొదలగునవి సంస్కృతము నేర్చినవారికి మిక్కిలి పరిచితములు. ఆ పరిచయమే యొక చిక్కునకు మూలమగుచున్నది. తెలిసిన పదము చెవిని బడఁగానే తెలిసిన యర్థమే బుద్ధికి తోఁచును. ఆ మతమువారు దానికిచ్చిన యర్థము మఱుగుపడును. పదములకు అర్థములు వ్రాయు నిఘంటుకర్తలకును, బాలురకు వానిని వివరించు పాఠశాలాపండితులకును ఈ చిక్కు తప్పదు. ముఖ్యముగా లూథరు శాఖవారి బోధయందు బాప్తిస్మము, శ్రమ, క్షమాపణ అను మూఁడు పదములును అవయవార్థమును మాత్రమే పట్టుకొని చదివినచో, ఆ శాఖవారు ఏ మతమును ఖండించుటకై పుట్టిరో ఆ మతమే వారిదని తోఁచును. ఆ వైపరీత్యము ఎక్కడ కలుగునో, దానిని వ్యవహారము ఎట్లు తొలఁగించెనో విచారింపఁదగియున్నది.

మార్టిన్ లూథరు 1483వ సంవత్సరమున జర్మనీదేశమందలి ఐస్లేబెన్ పట్టణమున పుట్టి, 1546లో ఆ పట్టణముననే మరణించెను. అతఁడు యౌవనమున మఠము ప్రవేశించి సన్న్యాసియై, పిమ్మట విట్టెన్‌బర్గు విద్యాపీఠమున బైబిలు గ్రంథమునకు వ్యాఖ్యాతయయ్యెను. పాపమునకు విధింపఁబడిన దండనను ధనమిచ్చి తగ్గించుకొను పత్రముల విక్రయమును ఆక్షేపించుచు 1517 అక్టోబరు 31వ తేదీని 95 ప్రతిజ్ఞావాక్యములను ప్రకటించెను. అతఁడు 1529లో గృహస్థులకును బాలురకును రచించిన చిన్న ప్రశ్నోత్తరిని బెంజమిన్ షుల్జ్ అను జర్మను బోధకుఁడు తెనిఁగింపఁగా, అది 1746లో జర్మనీలోని హాలె నగరమున అచ్చుపడెను. తెలుగున అచ్చైన మొదటి పుస్తకములలో అది యొకటి. 1842లో అమెరికానుండి హేయర్ అను బోధకుఁడు గుంటూరు చేరిన తరువాత లూథరు శాఖ ఆంధ్రదేశమున వేరూనెను. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘము ఏర్పడెను. కావున ఈ పదముల విచారము పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. తెలుఁగు పదచరిత్రలోనిదియు నగును.

లూథరు సిద్ధాంతమునకు పుట్టుకయే శబ్దవిచారమునుండి కలిగినదనుట వైయాకరణులకు సంతోషము గొలుపును. ఆ కాలమున పాశ్చాత్యసంఘము చదువుచుండిన లాటిను బైబిలులో యేసు తొలి యుపదేశమునందలి యొక పదము ‘ప్రాయశ్చిత్తము చేయుఁడు’ అని గ్రహించుటకు వీలైనది. పురోహితుఁడు విధించిన ఉపవాసాదులను ఆచరించుటయే దాని భావమని జనులు తలఁచుచుండిరి. 1516లో ఎరాస్మస్ గ్రీకు మూలమును ప్రకటించెను. మూలమున ఉన్న మెటనోయా అను పదమునకు మనస్సు మాఱుట యని యర్థము. తనకు ఆ యర్థము తెలిసినపుడు కలిగిన యానందమును లూథరు 1518లో తన గురువైన స్టౌపిట్జునకు జాబు వ్రాసి తెలిపెను. తెలుఁగు బైబిలులో ఈ స్థానమున ‘మారుమనస్సు’ అను పదముండుట గమనింపవలెను. అది లాటిను పదమును గాక గ్రీకు మూలమునే అనుసరించినది.

రెండవది షష్ఠీవిభక్తి విచారము. రోమీయులకు వ్రాయఁబడిన పత్రికయందు ‘దేవుని నీతి’ అను మాట కలదు. ఏ నీతిచేత దేవుఁడు తాను నీతిమంతుఁడై పాపులను శిక్షించునో అది దేవుని నీతి యని తాను మొదట గ్రహించి భయపడితిననియు, దేవుఁడు విశ్వాసద్వారమున మనుష్యునకు దయచేయు నీతి యని తరువాత తెలిసికొంటిననియు లూథరు 1545లో తన లాటిను గ్రంథముల పీఠికయందు చెప్పుకొనెను. షష్ఠికి సంబంధము సామాన్యార్థము. ఆ సంబంధము ఎట్టిదో ప్రకరణమును బట్టి నిర్ణయింపవలెను. ‘ఇది రాజుగారి శాలువ’ అన్నపుడు రాజు కప్పుకొను శాలువయు కావచ్చును, రాజు పండితునకు కప్పిన శాలువయు కావచ్చును. లూథరు మొదటి యర్థమును విడిచి రెండవ దానిని గ్రహించెను. ఆ యొక్క షష్ఠీనిర్ణయముతో అతని మతమంతయు మాఱెను. తెలుఁగు క్రైస్తవులు దీనిని ‘నీతిమంతులుగా తీర్చఁబడుట’ అందురు. తీర్చు ధాతువునకు తీర్పు చెప్పుట యనియు చక్కదిద్దుట యనియు అర్థములు కలవు. లూథరు శాఖవారికి మొదటిది ప్రధానము: దేవుఁడు క్రీస్తునిమిత్తము పాపిని నిర్దోషిగా తీర్పు చెప్పును, చక్కదిద్దుట దాని వెంట వచ్చును. క్రియ కర్మణిప్రయోగమున నుండుట ఇచ్చట ముఖ్యము.

ఇఁక బాప్తిస్మము. ఈ పదము గ్రీకుభాషనుండి వచ్చినది. ముంచుట దాని ధాత్వర్థము. నీటితో శుద్ధియనఁగానే మన పండితులకు తీర్థస్నానము స్ఫురించును. తీర్థస్నానమున స్నానము చేయువాఁడు కర్త. పుణ్యఫలము అతనికే చెందును. క్రియాఫలము కర్తకు చెందునపుడు ఆత్మనేపదము, పరునకు చెందునపుడు పరస్మైపదము వచ్చుటకు ‘యజతే’, ‘యజతి’ అను రూపములు ఉదాహరణములు: యజమానుఁడు తనకై చేయును, ఋత్విక్కు ఒరునికై చేయును. ఈ పరిభాషలో చెప్పవలెనన్న తీర్థస్నానము ఆత్మనేపదము, బాప్తిస్మము పరస్మైపదము. లూథరు మతమున బాప్తిస్మమునకు కర్త దేవుఁడు. బోధకుని చేయి ఉపకరణము. బాప్తిస్మము పొందువాఁడు దానము పుచ్చుకొనువానివలె సంప్రదానము. చిన్న ప్రశ్నోత్తరి ఈ విషయమును నాలుగు ప్రశ్నలుగా విభజించినది. బాప్తిస్మము వట్టి నీరు కాదు, దేవుని యాజ్ఞతోను వాక్యముతోను కూడిన నీరు. అది పాపక్షమను, మృత్యువునుండి విడుదలను, నిత్యరక్షణను ఇచ్చును. నీరు ఇంతటి పని ఎట్లు చేయుననఁగా, నీరు చేయదు, నీటితో నున్న వాక్యమును ఆ వాక్యమును నమ్ము విశ్వాసమును చేయును. ఇట్లు నీటిలో మునుఁగుటకు భావము, మనుష్యునియందలి పాత స్వభావము దినదినము పశ్చాత్తాపముచేత మునిఁగి చచ్చి, నూతనపురుషుఁడు దినదినము లేచుట.

శిశువులకు బాప్తిస్మ మిచ్చుట దీనినుండియే సిద్ధించినది. 1525లో జూరిక్ నగరమున కొందఱు, విశ్వాసమును స్వయముగా ఒప్పుకొనలేని శిశువునకు బాప్తిస్మము చెల్లదని పెద్దలకు మరల బాప్తిస్మ మిచ్చిరి. 1530లో మెలాంక్తన్ రచింపఁగా చక్రవర్తి యెదుట చదువఁబడిన ఔగ్స్‌బర్గు విశ్వాసప్రమాణము తన 9వ ప్రకరణమున వారి మతమును నిరాకరించినది. విశ్వాసము బాప్తిస్మమును చేయదు, చేయఁబడిన దానిని గ్రహించును అని లూథరు పెద్ద ప్రశ్నోత్తరియందు వివరించెను. గ్రహించు చేయి బలహీనమైనంతమాత్రమున ఈయఁబడిన వస్తువు మాయమై పోదుగదా. అందుచేతనే బాప్తిస్మము ఒక్కమాఱే జరుగును. దాని యుపయోగము మాత్రము జీవితాంతము నుండును.

శ్రమ యను పదము తెలుఁగు వ్యవహారమున సాధారణముగా పాటుపడుటను తెలుపును. క్రైస్తవులు దానిని బాధ, హింస, దుఃఖము అను నర్థమున వాడుదురు. క్రీస్తు సిలువ బాధను ‘క్రీస్తు శ్రమలు’ అందురు. ధాతుపాఠమున శ్రమధాతువునకు తపస్సనియు ఖేదమనియు రెండర్థములు చెప్పఁబడినవి. లూథరు సిద్ధాంతమంతయు ఈ రెండర్థముల భేదముమీఁద నిలిచియున్నదనిన అతిశయోక్తి కాదు. అతఁడు మఠమున నున్నపుడు ఉపవాసములు, జాగరణములు విపరీతముగా చేసి, శ్రమను తపస్సుగా ఆచరించెను. అందు శాంతి లభింపలేదు. 1530 ఏప్రిల్ 16వ తేదీని కోబుర్గు కోటయందు శ్రమనుగూర్చి చేసిన ప్రసంగమున, మనుష్యుఁడు తానై కల్పించుకొను కష్టము సిలువ కాదనియు, కోరకయే వచ్చి మీఁదఁ బడునదియే సిలువ యనియు, అట్టిదానివలన సైతము మనుష్యుఁడు రక్షణ సంపాదింపలేఁడనియు, క్రీస్తు శ్రమయే రక్షణహేతువనియు చెప్పెను. కావున లూథరు మతమున శ్రమ తపస్సు కాదు, ఖేదమే.

అట్లయిన శ్రమ దేవుని కోపమునకు గుఱుతా? పూర్వకర్మఫలమా? ఈ ప్రశ్న యేసు శిష్యులే యొక పుట్టుగ్రుడ్డివానిఁ జూచి యడిగిరని యోహాను సువార్త 9వ అధ్యాయమున నున్నది. వానిదిగాని వాని తలిదండ్రులదిగాని పాపము దానికి కారణము కాదని యేసు సమాధానము చెప్పెను. లోకమున దుఃఖమునకు పాపమే మూలమని ఒప్పుకొనుచునే, ఒక్కొక్కని దుఃఖమును అతని పాపముతో తూఁచి కొలుచుట తగదని లూథరు శాఖవారి బోధ. 1518 ఏప్రిల్ నెలలో హైడెల్‌బర్గున జరిగిన వాదమున లూథరు రెండు దర్శనములను వేఱుపఱచెను. దేవుని మహిమయందే వెదకుట మొదటిది. సిలువయందు, అనఁగా బలహీనతయందును బాధయందును కనుఁగొనుట రెండవది. రెండవదియే నిజమని అతని సిద్ధాంతము.

ఇది పుస్తకమున వ్రాయుటకు సులభము, అనుభవమున కష్టము. 1542 సెప్టెంబరు 20వ తేదీని లూథరు కూఁతురు మాగ్దలేనా పదుమూఁడేండ్ల ప్రాయమున తండ్రి చేతులలో మరణించెను. కొన్నినాళ్లకు మిత్రుఁడైన యోనాసునకు వ్రాసిన జాబున, బిడ్డ సుఖమైన గతి పొందినదని తాము కృతజ్ఞులు కావలసియున్నను, స్వాభావికమైన ప్రేమ బలముచేత దుఃఖింపక యుండలేకున్నామని అతఁడు తెలిపెను. విశ్వాసము దుఃఖమును తుడిచివేయునని లూథరు బోధింపలేదు. దుఃఖమునందు దేవుని మాట విడువకుండుటయే విశ్వాసమని బోధించెను.

చివరకు క్షమాపణ. దీనికి మూలమైన క్షమ్ ధాతువునకు సహించుట యర్థము. భూమికి క్షమ యను పేరు కలుగుట అందుచేతనే. అమంతధాతువగుటచే ప్రయోజకమున హ్రస్వముతో ‘క్షమయతి’ యని రూపము. ‘క్షమాపయతి’ యనునది ప్రయోగమున కనఁబడు మఱియొక రూపము. దానినుండి వచ్చిన క్షమాపణశబ్దమునకు క్షమించునట్లు చేయుట, అనఁగా వేఁడుకొనుట యర్థము. అపరాధక్షమాపణస్తోత్రము అను పేరున ఈ యర్థమే యున్నది. ఇందు అపరాధి ప్రయోజకకర్త, దేవుఁడు ప్రయోజ్యుఁడు. అపరాధి తన స్తుతిచేతనో, వ్రతముచేతనో, ధనముచేతనో దేవునిచేత క్షమింపఁజేయును. 1517లో లూథరు ఎదిర్చినది సరిగా ఈ ప్రయోజకత్వమునే. అతని మతమున దేవుఁడు ఒకరి ప్రేరణచేత క్షమించువాఁడు కాఁడు, స్వతంత్రుఁడై క్షమించును. స్వతంత్రుఁడే కర్త యని పాణినీయులకు తెలిసినదే. కావున ‘పాపక్షమాపణ’ యని తెలుఁగు క్రైస్తవులు పలుకునపుడు యోగార్థమును విడిచి, క్షమ యను ఫలమునందే రూఢిని గ్రహింపవలెను. యోగముకంటె రూఢి బలవత్తరమను న్యాయమున ఇది దోషము కాదు.

ప్రత్యయము ఇట్లు ప్రతికూలమైనను ధాతువు మిక్కిలి అనుకూలమైనది. లూథరు మతమున దేవుఁడు పాపమును చూచియు చూడనట్లు ఊరకుండువాఁడు కాఁడు. పాపభారమును క్రీస్తు తాను మోయును, సహించును. సహించుటయే క్షమించుట. క్రీస్తు శ్రమయు దేవుని క్షమయు రెండు క్రియలు కావు. ఒక్క సహనమునకే రెండు పేరులు. ఈ క్షమ మనుష్యునకు వినఁబడుటకై పాపము ఒప్పుకొనుట యను ఆచారమును లూథరు నిలిపెను. చిన్న ప్రశ్నోత్తరి ప్రకారము దానికి రెండంగములు: పాపమును ఒప్పుకొనుట; బోధకుఁడు పలుకు క్షమావచనమును దేవుని నోటినుండి వచ్చినట్లుగా గ్రహించుట. పాపములన్నిటిని లెక్కించి చెప్పవలెనను నిర్బంధము లేదని ఔగ్స్‌బర్గు ప్రమాణము 11వ ప్రకరణమున కలదు. బలము ఒప్పుకోలు నందు లేదు, వచనమునందే కలదు.

మనుష్యుఁడు కర్త కానిచో సోమరియై యుండునా యను ఆక్షేపము లూథరు కాలముననే పుట్టెను. ఔగ్స్‌బర్గు ప్రమాణము 6వ ప్రకరణమున దీనికి సమాధానమున్నది: విశ్వాసము సత్ఫలములను కనవలెను, కాని ఫలములు వృక్షమును చేయవు. శ్రీవైష్ణవులలో తెంగలై వారు చెప్పు మార్జాలకిశోరన్యాయము తెలిసినవారికి ఇది క్లిష్టము కాదు. కోఁతిపిల్ల తల్లిని పట్టుకొనును. పిల్లిపిల్లను తల్లియే నోటఁ గఱచుకొని పోవును. పోలిక కర్తృత్వ విషయముననే. ఆశ్రయమగు దైవమును, క్రీస్తు సిలువయను ఆధారమును వేఱు.

తెలుఁగు క్రైస్తవ వ్యవహారము ఈ మర్మమును ఒక్క ధాతువుతో కాపాడినది. బాప్తిస్మము పొందుట, మారుమనస్సు పొందుట, క్షమాపణ పొందుట అందురు. శ్రమపొందుట యనియు అందురు. పొందు ధాతువునకు మనుష్యుఁడు కర్తయే. అయినను ‘శిశువు జన్మము పొందెను’ అన్నచోట శిశువు కర్తయైనను తన పుట్టుకకై యత్నించినది కాదు. నిఘంటువున క్షమాపణశబ్దమునకు ‘క్షమింపఁగోరుట’ యని వ్రాసి విడువక, ‘క్రైస్తవ వ్యవహారమున దేవునిచేత క్షమింపఁబడుట’ యని రెండవ యర్థమును చేర్చుట న్యాయము. బాలునకు బోధించు పండితుఁడు పొందు ధాతువును చూపి, పక్కన జన్మము పొందిన శిశువును ఉదాహరించినచో, లూథరు చెప్పిన దానిలో ముఖ్యమైనది ఆ బాలునకు తెలియును.