తలక్రిందుల పటము

జగిత్యాలలో మా యింటి గోడకు తెలంగాణ పటమొకటి గలదు. ఒకనాడు మా చిన్నమ్మాయి దానిని తలక్రిందుగా తగిలింపగా, మేము కోపించి గట్టిగా మందలించితిమి. మావారు బడినుండి వచ్చి, "అల్ ఇద్రీసీ చూచినచో పిల్లదే సరియనును" అని నవ్విరి. ఆ ఇద్రీసీ యెవ్వరో మే మెరుగము. సిగ్గుపడి, మావారి పుస్తకములు విప్పి కూర్చుంటిమి.

సిసిలీ నేలిన రెండవ రోజరు రాజు కొలువున నాయన 1154లో ప్రపంచపటమును పూర్తిచేసెను. అందు దక్షిణము పైన, ఉత్తరము క్రింద. అరబ్బుల పటములు పెక్కింటి తీరు నదియే!

మేఘసందేశము చదివిన సోదరీమణులకు ఉజ్జయిని క్రొత్త గాదు. మన జ్యోతిష్కులు రేఖాంశములను ఆ యూరినుండియే లెక్కించిరి. ఆ శాస్త్రము బాగ్దాదు చేరినపుడు ఊరిపేరు 'ఉజైన్' ఆయెను. పిమ్మట అరబ్బు వ్రాతలో నొక చుక్క జారి 'అరిన్' ఆయెను. చుక్క తప్పిన ముగ్గు గతి మనకు దెలియనిదా? ఐరోపా పండితులు సైతము చాలకాలము ఆ లేని యూరినే భూమికి నడిబొడ్డని నమ్మిరి.

మాకు మిక్కిలి గౌరవము కలిగించినవాడు 973లో ఖ్వారజమున జన్మించిన అల్ బిరూనీ. ఆయన సంస్కృతము నేర్చి మన సిద్ధాంతముల నెరిగినవాడు. ఖలీఫా మామూను పండితులు సింజారు మైదానమున నడచి నడచి కొలిచిన భూమిని, ఈయన నేటి పాకిస్తానులోని నందనా కోటకడ నొక కొండపై నిలిచి కొలిచెను. కొండ యెత్తు సుమారు 652 మూరలు. శిఖరమునుండి చూడగా దిఙ్మండలము కంటిమట్టమునకు 34 కలలు, అనగా అరడిగ్రీకి కొంచె మెక్కువ, క్రిందుగా గనబడెను. ఈ రెంటితోనే భూవ్యాసార్ధమును గణించెను. ఆయన 'అల్ ఖానూన్ అల్ మసూదీ' 1954-56లో మన హైదరాబాదుననే, 1888లో స్థాపితమైన దాయిరతుల్ మారిఫ్ వారిచే అచ్చయ్యెను. ఇంత దగ్గర జరిగిన పనిని మే మింత ఆలస్యముగా నెరుగుట చింతాకరమే.

మక్కా యే దిక్కున నున్నదో ప్రతి మసీదునకును తెలియవలెను గావున ఈ గణితము వారికి నిత్యావసరము. కోరుట్లలో కాపురమున్న దినములలో పొరుగింటి ముసలమ్మను, "నమాజునకు నేరుగా పడమటికేనా నిలుచుట?" అని యడిగితిమి. "కొంచెము ఉత్తరమునకు ఒరుగవలె, బిడ్డా" అనెను. అపు డా మాటను వినియు వినకుంటిమి. మొన్న మావారు లెక్కవేసి చూడగా సుమారు పదునొకండు డిగ్రీలు తేలినది.

అమ్మాయిని దగ్గరకు దీసికొని, పటమును నెలదినములు అట్లే యుండనిచ్చితిమి. సిరిసిల్ల ఇపుడు మాకు పైన, కోరుట్ల కుడిచేతివైపున నున్నవి.