శోకించు బాలునకు చిన్న సేవ

ఇంటిలో తల్లియో తండ్రియో గతించినపుడు పెద్దలు ఒకరినొకరు పట్టుకొని ఏడ్తురు. పసిపిల్లలు ఏమియు నెరుగక ఆడుకొందురు. నడుమనున్న 14, 15 ఏండ్ల వాని సంగతి ఎవరికిని తట్టదు. వానికి మరణమన నేమో తెలియును. దుఃఖమును చెప్పుకొనుటకు మాత్రము నోరు రాదు. నిద్ర చెడును, చదువుపై మనసు నిలువదు, చీటికిమాటికి కోపము వచ్చును. దానిని మనము పొగరనుకొందుము.

కర్మ ముగిసి చుట్టములు వెడలునపుడు, "ఇక ఇంటికి పెద్దవు నీవేరా, ధైర్యముగా నుండు" మని వాని భుజము తట్టుదురు. మాట మంచిదే, కాని అది లేగదూడ మెడపై కాడి మోపుట వంటిది.

నేనెరిగిన యొక పల్లెలో తండ్రిని గోల్పోయిన 15 ఏండ్ల బాలుడు నెలల తరబడి గోడవైపు తిరిగి పరుండెడివాడు. వాని నాయనమ్మ నీతులు చెప్పలేదు. ఒకనాడు చెంబెడు మజ్జిగ చేతికిచ్చి, "వీధి చివర చూపులేని తాతకు ఇచ్చి రా, నాయనా" అనెను. నాలుగు దినములు వాడు మాటాడకయే ఇచ్చివచ్చెను. అయిదవనాడు ఆలస్యమైనది. "నీ అడుగుల చప్పుడుకే చెవియొగ్గి కూర్చుంటినిరా" అనెనట ఆ వృద్ధుడు. తరువాత వాడు ఆయన నులకమంచము బిగించెను. వేసవిలో చలివేంద్రమునకు నీరు మోసెను. ఒక సాయంకాలము ఆ తాత అరుగుమీదనే, తండ్రిని తలచుకొని మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చెను.

దీనికి కారణమున్నది. తండ్రిని నిలుపుకొనలేకపోయితినని కుమిలెడు వానికి తన చేతులు నిష్ప్రయోజనములని తోచును. ఒకరికి చిన్న మేలు చేసినపుడు ఆ చేతులలో ఇంకను శక్తి గలదని తెలియును. దినమున కొక వేళయు, తనకై వేచియుండు మనుష్యుడును ఏర్పడుదురు. దుఃఖము పోదు, దానిని మోయు బలము పెరుగును.

బాలికలకును ఇదియే వర్తించును. అయితే పని చిన్నదై యుండవలెను. అప్పుల లెక్కలు, ఇంటి బరువు వారిపై వేయరాదు. బలవంతము వలదు. ఏడ్చిన వారింపవలదు. తిండి మానినను, బ్రదుకు వలదని పలికినను ఉపేక్షింపక వైద్యునికి చూపుడు. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్‌కు, 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా సలహా చెప్పుదురు.

మీ వీధిలో అట్టి బిడ్డ యున్నచో, ఆ మౌనమునకు కోపింపక, తగిన చిన్న పని యొకటి నేడే వెదకుడు.