హ్యాండిల్ మధ్యలో పట్టేస్తోందా?

నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ మలుపులు తిరుగుతుంటే హ్యాండిల్ సాఫీగా రావట్లేదా? బ్రేకు వేయగానే ముందువైపు ‘టక్’మంటోందా? ఇంజను ఎంత బాగున్నా సరే, ఆ బండి మీద ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఘాట్ దిగొద్దు.

ఆదిలాబాద్ నల్లరేగడి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దుమ్ము... రెండూ బండికి గిట్టవు. 2016లో జిల్లాలు విడిపోయాయి గానీ మట్టి మారలేదుగా! పత్తిచేల బాటలో ఎండిన ట్రాక్టర్ గాడిలో పడితే మొదటి దెబ్బ షాకబ్జర్లకి, రెండోది కోన్‌సెట్‌కి.

కోన్‌సెట్ అంటే పెద్ద వింతేం కాదు. హ్యాండిల్ కింద, ఫ్రేము మెడలో పైనొకటి, కిందొకటి గిన్నెలు. వాటిలో స్టీలు బాల్స్. సైకిల్లో ఉండే ఏర్పాటే. మనం ఎక్కువగా తిన్నగానే వెళతాం కాబట్టి, గుంతలో పడ్డప్పుడల్లా బాల్స్ ఒకేచోట గుద్దుకుని గిన్నెకు సొట్టలు పడతాయి. అందుకే హ్యాండిల్ సరిగ్గా మధ్యలో పట్టేస్తుంది.

డబుల్ స్టాండ్ వేసి వెనక ఒకరిని కూచోబెడితే ముందు చక్రం లేస్తుంది. హ్యాండిల్‌ని వేలితో తిప్పి చూడండి. మధ్యలో ఆగితే కోన్‌సెట్ పోయినట్టే. తర్వాత ఫోర్కు కాళ్లు కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. మెడ దగ్గర కదిలితే నట్టు వదులైందని అర్థం. అది బిగిస్తే సరిపోవచ్చు. సొట్టలు పడితే మాత్రం గ్రీజు పెట్టి లాభం లేదు, సెట్టు మొత్తం మార్చాల్సిందే. పాత గిన్నెల్లో కొత్త బాల్స్ వేయడం డబ్బు దండగ.

విప్పేముందు ఇంజను కింద గట్టి దిమ్మె పెట్టండి. నేల మీద పాత గుడ్డ పరవండి, లేకుంటే బాల్స్ మంచం కిందే వెతుక్కోవాలి! పైన ఎన్ని, కింద ఎన్ని ఉన్నాయో రాసుకోండి. కొత్త గిన్నెలు వంకర పోకుండా చెక్కముక్క ఆనించి, చుట్టూ సమంగా కొట్టండి. గ్రీజు దండిగా పట్టించి, పై నట్టు బిగించి కొంచెం వెనక్కి వదలండి. హ్యాండిల్ తన బరువుకే పక్కకు వాలాలి, ఊగకూడదు.

షాకబ్జర్ రాడ్డు మీద నూనె కనిపిస్తే ఆయిల్ సీలు పోయినట్టే. ఎండిన రేగడి దాన్ని ఉప్పుకాగితంలా గీకేస్తుంది. ఆ నూనె బ్రేకు మీద పడిందంటే బండి ఆగదు. రాడ్డు మీద గోటితో గీసి చూడండి. తుప్పు గరుకు తగిలితే కొత్త సీలు కూడా నిలవదు. పై మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి, లోపల స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. నూనె బండి పుస్తకంలో చెప్పిన రకమే, చెప్పిన కొలతే, రెండు కాళ్లకూ సమానంగా పోయాలి. డబ్బాలో మిగిలిన ఇంజనాయిల్ పోసే పొదుపు ఇక్కడ పనికిరాదు.

యాక్సిడెంటులో ఫోర్కు వంగిన బండిని ఇంట్లో ముట్టుకోకండి, మెకానిక్కుకే ఇవ్వండి. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు, గన్ను హ్యాండిల్ మెడ మీదకు పెట్టొద్దని కుర్రాడికి చెప్పండి. లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది.